అక్టోబరు సముద్రంలో మూడు పాఠాలు

(శ్రీకాకుళంలో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఇంటర్, డిగ్రీ విద్యార్థుల ముందు ఒక ఫిజిక్స్ మేష్టారు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దలున్నారు, వెనక పిల్లలున్నారు. ఇవాళ నేను మాట్లాడేది వెనక వరుసలతో. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

మీ పుస్తకంలో సాంద్రత ఒకచోట ఉంటుంది, పీడనం ఇంకోచోట, ఘన ద్రవ వాయు స్థితులు మరోచోట. ఒకదాని పరీక్ష కాగానే దాన్ని అటకెక్కించి రెండోది మొదలుపెడతాం. నా గొడవంతా అక్కడే. ఈ మూడూ వేరువేరు సంగతులు కావు. మన తీరంలో ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో మూడూ కలిసికట్టుగా తయారవుతాయి. వాటిని మనం తుఫాను అంటాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు మీరంతా చిన్నపిల్లలు. ఉద్దానం పిల్లలకైతే నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడిమామిడి ఎలా పడిపోయాయో కళ్లారా చూసే ఉంటారు. ఆ గాలి ఎక్కడ పుట్టిందో, దానికంత బలం ఎక్కడిదో ఇవాళ ఈ మూడు పాఠాలతోనే లెక్క తేల్చుదాం.

ముందొక ప్రశ్న. ఈ హాల్లో ఉన్న గాలి బరువెంత?

(సభలోంచి: "ఐదు కిలోలు!" "అసలు బరువే ఉండదు!")

సరే, లెక్క వేద్దాం. హాలు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 4 అనుకోండి. 800 ఘనపు మీటర్లు. మన వాతావరణంలో ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. గుణిస్తే 960 కిలోలు. టన్నుకి నలభై కిలోలు తక్కువ. ఇందాకటి నుంచీ మనం టన్ను గాలి మధ్యలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. (నవ్వులు) ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

ఇక సాంద్రత. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత అని మీరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లు ఈ వాక్యం ఎప్పుడూ వల్లించి ఉండరు, కానీ దాంతోనే బతుకుతారు. అక్కడ వాడే హైడ్రోమీటరు మీలో ఎంతమంది చూశారు? గాజు గొట్టం, అడుగున బుడ్డి, అందులో సీసపు గుళ్లు, పైన సన్నటి కాడ, కాడ మీద అంకెలు. ఉప్పునీళ్లలో వదిలితే నిలువుగా తేలుతుంది. నీళ్లు ఎంత చిక్కనైతే కాడ అంత పైకి లేస్తుంది. ఎందుకంటే తేలే వస్తువు తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెడితే చాలు. నీళ్లు చిక్కనైతే కొంచెం నెట్టినా సరిపోతుంది, కాబట్టి తక్కువ మునుగుతుంది. ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే.

కాడ మీద అంకెలు బామే డిగ్రీలు. ఆంత్వాన్ బామే అనే ఫ్రెంచి మందుల తయారీదారు 1768లో పెట్టిన కొలత. మామూలు సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలు చూపిస్తుంది. అంటే లీటరు 1,025 గ్రాములు. ఎండకి నీరు ఆవిరవుతున్నకొద్దీ, ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తున్నకొద్దీ అంకె పెరుగుతుంది. దారిలో ముందు జిప్సం దిగిపోతుంది. 25 డిగ్రీలు దాటాక, అంటే లీటరు 1,200 గ్రాములు పైబడ్డాక, మనం తినే ఉప్పు పలుకు కట్టడం మొదలవుతుంది. 30కి చేరువైతే మిగిలిన నీళ్లలో మెగ్నీషియం లవణాలు ముదిరిపోతాయి. ఆ నీళ్లు వదిలెయ్యాలి, లేకపోతే ఉప్పు చేదెక్కుతుంది. ఒక్క సాంద్రత కొలిచి ఏ లవణం ఎప్పుడు దిగుతుందో చెప్పేస్తున్నారు చూశారా? అందుకే, ల్యాబులో మార్కుల కోసం చేసే ప్రయోగం కన్నా ఉప్పుమడి గట్టు మీద గంటసేపు కూర్చోవడం మేలంటాను.

రైతుల ఇళ్ల పిల్లలకి ఇంకో సంగతి తెలుసు. వరి విత్తనం ఏరడానికి ఉప్పునీళ్లు కలుపుతారు. ఎంత ఉప్పు? కోడిగుడ్డు తేలేదాకా. తర్వాత విత్తనాలు పోస్తే తాలు, సగం నిండినవి పైకి తేలతాయి, గట్టి గింజ అడుగున ఉంటుంది. పైవి తీసేసి, అడుగువి మంచినీళ్లతో కడిగి నారుమడికి పంపుతారు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున ఇసకలో నల్లటి చారలు కనిపిస్తాయి కదా, అవీ ఇలా ఏరినవే, కాకపోతే అక్కడ ఏరింది అలలు. తెల్ల ఇసక సాంద్రత నీటికి 2.65 రెట్లు. నల్లగా మెరిసే ఖనిజం ఇల్మనైట్‌ది 4.7 దాకా ఉంటుంది. వెనక్కి పోయే అల తేలిక రేణువుని లాక్కుపోతుంది, బరువైనదాన్ని ఒడ్డునే వదిలేస్తుంది.

ఇప్పుడు ఈ బల్ల మీద చూడండి. గాజు జాడీలో సగందాకా చిక్కటి ఉప్పునీళ్లు పోసి, రెండు చుక్కల నీలి సిరా కలిపాను. దాని మీద గరిటె ఆనించి మంచినీళ్లు మెల్లగా పోస్తున్నాను. తొందరపడకూడదు, ధార గరిటె మీదే పడాలి. చూశారా, కింద నీలం, పైన తెలుపు, మధ్యలో గీత గీసినట్టుంది. ఇప్పుడు గుడ్డు వదులుతున్నాను. మంచినీళ్లలో మునిగింది, గీత దగ్గర ఆగిపోయింది. అడుక్కి దిగదు, పైకి రాదు.

అసలు సంగతి గుడ్డు కాదు. అమ్మా, నువ్వొకసారి ఇలా రా. జాడీ మీద నుంచి గట్టిగా ఊదు. ఇంకా గట్టిగా. పై నీళ్లు కదిలాయి, చిన్న చిన్న అలలు కూడా లేచాయి. కింద నీలం కదిలిందా? కదల్లేదు. బరువైనదాన్ని పైకెత్తి తేలికైనదానితో కలపాలంటే శక్తి కావాలి, ఊదినంత మాత్రాన చాలదు. థాంక్యూ అమ్మా, కూర్చో.

మీరు చూసింది అక్టోబరులో బంగాళాఖాతం. వానాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, మన వంశధార, నాగావళి నీళ్లు మోసుకొచ్చి పోస్తాయి. వాటికి తోడు సముద్రం మీద పడే వాన. ఈ మంచినీరంతా వెంటనే కలిసిపోదు, తేలిక కాబట్టి పై పొరగా నిలుస్తుంది. వానాకాలం వెళ్లాక తీరం వెంట దక్షిణంగా పారే ప్రవాహం ఆ నీటిని ఒడిశా మీదుగా మనవైపు తెస్తుంది. అరేబియా సముద్రం ఇలా ఉండదు. అక్కడ వచ్చే మంచినీటికన్నా ఆవిరయ్యేదే ఎక్కువ, అందుకే ఉప్పదనమూ ఎక్కువ.

దీనివల్ల ఏమవుతుందంటారా? మామూలుగా గాలి వీస్తే సముద్రం కలగలిసి కింది చల్లటి నీరు పైకొస్తుంది, పైన చల్లబడుతుంది. మన బంగాళాఖాతంలో పైనున్న తేలిక పొర అలా కలవనివ్వదు. ఎండ వేడి పైపొరలోనే చిక్కుకుంటుంది. గాలి ఎంత ఊదినా, ఇందాక ఆ అమ్మాయి ఊదినట్టే, కింది చల్లదనం పైకి రావడం కష్టం. తుఫాను పుట్టాలంటే సముద్రం పైన నీరు 26 డిగ్రీలు దాటి ఉండాలి. మన దగ్గర అక్టోబరులో సాధారణంగా 28 పైనే. తుఫానులకు ఇదొక్కటే కారణమని చెప్పను. తూర్పు నుంచి వచ్చే అలజడులున్నాయి, పైగాలుల సంగతులున్నాయి. కానీ పొయ్యి రాజెయ్యడానికి కట్టెలు పేర్చి పెట్టినట్టు ఈ వెచ్చటి పొర సిద్ధంగా ఉంటుంది.

పీడనానికి వద్దాం. ఇక్కడ పిల్లలు పొరపడేది ఒకటే చోట. నీళ్లెక్కువుంటే పీడనమెక్కువ అనుకుంటారు. కాదు, లోతు ఎక్కువుంటేనే. ఎకరం చెరువైనా, నూరెకరాల చెరువైనా, మూడు మీటర్ల లోతున గట్టు మీద పడే పీడనం ఒక్కటే, చదరపు మీటరుకి మూడు టన్నులు. గట్టు అడుగు వెడల్పుగా, పైన సన్నగా ఎందుకు వేస్తారో మన పూర్వీకులకి ఏ సూత్రం లేకుండానే తెలుసు. తాపీమేస్త్రి లెవల్ పైపు పట్టుకుని గోడకి ఈ చివర, ఆ చివర గుర్తు పెడతాడు చూడండి. పైపు మధ్యలో ఎన్ని మెలికలు తిరిగినా రెండు చివరలా నీటిమట్టం ఒక్కటే. అదీ ఇదే.

పది మీటర్ల లోతుకి వెళ్తే చదరపు మీటరుకి పది టన్నులు. దాదాపు అంతే బరువు మన నెత్తిమీది గాలి కూడా మోపుతోంది. మరి నలిగిపోమేమని అడక్కండి, మన లోపలా అదే పీడనం ఉంది.

దీనికి రుజువు వీధి చివరి బోరింగులో ఉంది. పిస్టను పైనే ఉండే పాతకాలపు చేతిపంపు నీటిని లాగుతుందని అందరూ అంటారు. లాగదు. పిస్టను గొట్టంలో గాలి తీసేస్తుంది, బయట నూతిలో నీటి మీద కూర్చున్న గాలి ఆ నీటిని గొట్టంలోకి నెడుతుంది. గాలి నెట్టగలిగింది పది మీటర్లు, అంతే. ఆచరణలో ఏడెనిమిది మీటర్లకే ఆయాసం. అందుకే ఎండల్లో నీటిమట్టం దిగిపోతే ఆ పంపు ఎంత కొట్టినా నీళ్లు రావు, కొట్టేవాడి బలానికి దానితో సంబంధం లేదు. లోతు బోరింగులకి సిలిండరు నీళ్లలోకే దించుతారు. అప్పుడు కింది నుంచి పైకి ఎత్తడమే, గాలి సాయం అక్కర్లేదు.

ఇటలీలో నూతుల దగ్గర ఇదే చిక్కు వచ్చింది. గెలీలియో శిష్యుడు టొరిచెల్లీ 1643 ప్రాంతంలో నీటి బదులు పాదరసం పెట్టి చూశాడు. నీటికి పదమూడున్నర రెట్లు బరువు కాబట్టి పది మీటర్ల గొట్టం అక్కర్లేదు. పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. దాన్ని నిలబెట్టింది గాలి బరువేనని ఆయన అన్నాడు. చాలామంది నమ్మలేదు.

అప్పుడు ఫ్రాన్సులో పాస్కల్‌కి ఒక ఆలోచన వచ్చింది. గాలి బరువే కారణమైతే కొండ మీద నెత్తిపైన గాలి తక్కువ కదా, పాదరసం దిగాలి. ఆయన ఉండేది పారిస్, ఆరోగ్యం అంతంతమాత్రం, దగ్గర్లో కొండ లేదు. ఏం చేశాడంటే, బావగారికి ఉత్తరం రాశాడు. (నవ్వులు) అక్క మొగుడు పెరియే క్లెర్మాంలో ఉండేవాడు, పక్కనే పుయ్ ద దోమ్ కొండ. 1648 సెప్టెంబరు 19న బావగారు నలుగురినీ వెంటబెట్టుకుని గొట్టాలు మోసుకుంటూ కొండెక్కాడు. పైన పాదరసం కిందకన్నా ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ. నాకు ఇందులో బాగా నచ్చేది కొండెక్కడం కాదు. ఎక్కేముందు ఒక గొట్టం కిందే ఉంచి, రోజంతా దాన్నే చూస్తూ కూర్చోమని ఒక సన్యాసికి చెప్పాడు. అది కదల్లేదు. అంటే మార్పు వచ్చింది ఎత్తువల్లే, వాతావరణం మారడంవల్ల కాదు. ప్రయోగమంటే అదీ. ఇప్పుడు పీడనం లెక్క పాస్కల్ పేరు మీదే చెబుతున్నాం, పాపం ఎక్కింది బావగారు.

ఆ కొండ ఎత్తు 1,465 మీటర్లు. మందస నుంచి ఉత్తరంగా చూస్తే కనిపించే మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశా వైపుది, మనకి చుట్టమే. రెండూ దాదాపు ఒకే ఎత్తు. మన దగ్గర సముద్రమట్టం నుంచే బయల్దేరతాం కాబట్టి మహేంద్రగిరి మీద పాదరసం పన్నెండు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర కాక 95 దగ్గరే మరిగిపోతాయి, పప్పు ఉడకడానికి ఆలస్యమవుతుంది. ప్రెషర్ కుక్కర్ దీనికి తిరగేసి. మూత మీది విజిల్ బరువు లోపలి పీడనాన్ని రెట్టింపు చేస్తే నీళ్లు 120 డిగ్రీల దాకా ఆగి మరుగుతాయి.

మరగడం దగ్గరికి వచ్చాం కాబట్టి మూడో పాఠం. లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే 1,600 లీటర్లు దాటి చోటు ఆక్రమిస్తుంది. అణువులు అవే, ఒక్కటీ పెరగలేదు, దూరం దూరం జరిగాయంతే. ఆ దూరం జరగడానికే వేడి కావాలి. ఆ వేడి ఎక్కడికీ పోదు, ఆవిరి మళ్లీ నీరైనప్పుడు పూర్తిగా తిరిగొస్తుంది. సముద్రం పైనుండే వెచ్చదనంలో కిలో ఆవిరి నీరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు బయటికొస్తాయి. దాంతో ఏడు లీటర్ల చన్నీళ్లు మరిగించవచ్చు.

ఘనస్థితి గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తాను. ఉద్దానంలో జనవరి పొద్దున్న కొబ్బరినూనె గడ్డకట్టినప్పుడు సీసాని కాస్త వెచ్చబెట్టి చూడండి, మిగిలిన గడ్డ కరిగిన నూనెలో మునిగి అడుగున ఉంటుంది. చాలా పదార్థాల తీరు అదే. మంచు మాత్రం నీళ్లలో తేలుతుంది. నీరే తేడా, నూనె కాదు.

ఇంకొకటి, ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. ఉక్కపోతగా ఉన్న గాలి బరువా, పొడిగాలి బరువా?

(సభలోంచి: "ఉక్కగాలే!")

అదే కదా, ఊపిరి బరువెక్కినట్టుంటుంది. కానీ లెక్క వేరు. నీటి అణువు భారం 18. నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. అదే పీడనం, అదే వేడి ఉన్నప్పుడు లీటరు గాలిలో మొత్తం అణువుల సంఖ్య మారదు. ఒక నీటి అణువు వచ్చిందంటే బరువైన అణువొకటి బయటికి పోయిందన్నమాట. కాబట్టి తేమగాలే తేలిక. తేలికైనది పైకి పోతుంది.

ఇప్పుడు మూడూ కలపండి. అక్టోబరు సముద్రం వెచ్చగా ఉంది, చల్లబడే దారి లేదు. నీరు ఆవిరవుతుంది. వెచ్చటి తేమగాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది. పైకి పోయి చల్లబడి ఆవిరి మళ్లీ నీరై, మేఘమై, దాచుకున్న వేడిని అక్కడ వదులుతుంది. ఆ వేడికి చుట్టుపక్కల గాలికన్నా అది ఇంకా తేలికవుతుంది. సముద్రం నుంచి ఆకాశం దాకా ఉన్న ఆ గాలి స్తంభం మొత్తం బరువు తగ్గితే కింద పీడనం తగ్గుతుంది. టీవీలో అల్పపీడనం ఏర్పడిందంటారే, ఇదే. చుట్టూ ఉన్న బరువు గాలి ఆ ఖాళీ వైపు ఉరుకుతుంది. భూమి తిరుగుతోంది కాబట్టి నేరుగా పోలేక సుడి తిరుగుతుంది. పోతూ పోతూ సముద్రం మీది ఇంకొంత ఆవిరి మోసుకుపోతుంది. అది మళ్లీ పైకి, మళ్లీ వేడి. చదరపు కిలోమీటరు మేర ఒక్క సెంటీమీటరు వాన పడిందంటే, ఆ నీరు ఆవిరి నుంచి మారేటప్పుడు వదిలిన వేడి 65 లక్షల యూనిట్ల కరెంటుకు పైమాటే. తుఫాను సెంటీమీటరుతో సరిపెట్టుకోదని మీకు తెలుసు.

అంకెలు చూద్దాం. మామూలు పీడనం 1,013 హెక్టోపాస్కల్, ఒక్కో హెక్టోపాస్కల్ అంటే వంద పాస్కల్. 2014లో హుద్‌హుద్ తుఫాను నడిమధ్యలో సుమారు 950 దాకా పడిపోయిందని వాతావరణ శాఖ అంచనా. తగ్గింది ఆరు శాతమే. కానీ చదరపు మీటరుకి పది టన్నుల్లో ఆరు శాతమంటే ఆరువందల కిలోలు. సముద్రం మీద అంత బరువు తీసేస్తే నీరు ఊరుకోదు, లేస్తుంది. ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సెంటీమీటరు లెక్కన అరవై సెంటీమీటర్ల పైచిలుకు. ఉప్పెనలో మిగతాదంతా గాలి ఒడ్డుకి తోసిన నీరు.

ఇక మొదట్లో చెప్పిన 1.2 కిలోలు. తిత్లీ గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. అంటే సెకనుకి 40 మీటర్లు. గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించండి, 0.6 ఇంటూ 1,600. 960 పాస్కల్. చదరపు మీటరుకి దాదాపు నూరు కిలోల తోపు. మీ ఇంటి తలుపు రెండు చదరపు మీటర్లుంటే ఇద్దరు ముగ్గురు మనుషుల బరువంత తోపు ఎడతెగకుండా పడుతున్నట్టే. గాలి వేగం సగమైతే తోపు సగం కాదు, నాలుగోవంతు. అందుకే డెబ్బై కిలోమీటర్ల గాలికి ఊగి నిలబడ్డ జీడిచెట్టు నూట నలభైకి వేళ్లతో లేచింది. రేకుల కప్పుకైతే ఇంకో బాధ. పైన గాలి దూసుకుపోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది, ఇంట్లో నిలిచిన గాలి రేకుని కిందినుంచి ఎత్తుతుంది. చాలా రేకులు గాలికి ఎగరలేదు, ఇంట్లోంచి లేచాయి.

టైమైపోతోంది. ఒకట్రెండు ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పు బాబూ.

("మేష్టారూ, తుఫాను మధ్యలో పీడనం అన్నిటికన్నా తక్కువ కదా. మరి గాలి కూడా అక్కడే ఎక్కువుండాలి, కన్నులో ప్రశాంతంగా ఉంటుందంటారేంటి?")

మంచి ప్రశ్న. గాలిని తోసేది పీడనం కాదు, పీడనంలో తేడా. కన్ను చుట్టూ గోడలా ఉండే మేఘాల దగ్గర కొద్ది దూరంలోనే పీడనం బాగా మారుతుంది, అందుకే అక్కడ గాలి ఎక్కువ. కన్ను లోపల అంతటా దాదాపు ఒకే పీడనం, తేడా లేదు, తోపు లేదు. పైనుంచి గాలి మెల్లగా దిగుతూ వేడెక్కుతుంది కాబట్టి మేఘమూ పల్చబడుతుంది. అది చూసి తగ్గిపోయిందని బయటికి రాకూడదు. కన్ను దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

ఆ చివర పాప?

("ఇవన్నీ ఖర్చు లేకుండా చూడ్డానికి ఏమైనా ఉందా సార్?")

ఉంది. కిరండూల్ రైల్లో అరకు వెళ్తారు కదా. శిమిలిగుడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ ఖాళీ నీళ్ల సీసా మూత గట్టిగా బిగించి సంచిలో పడెయ్యండి. తిరిగొచ్చేటప్పుడు కొండ కింద కొత్తవలసలో దిగి తీసి చూస్తే నొక్కుకుపోయి ఉంటుంది. పైన గాలి చల్లన, కింద వేడి కాబట్టి నొక్కు కాస్త తగ్గుతుంది, ఆ తేడా కూడా లెక్కగట్టండి. ఇద్దరు వెళ్తే ఒకరి సీసా బయల్దేరేముందే కొత్తవలసలో బిగించి, తిరిగొచ్చేదాకా తియ్యకండి. అది పైన ఎలా ఉంది, కిందికొచ్చాక ఎలా ఉంది అన్నది రాసుకుని, ఫొటోతో సహా నాకు పంపండి.